మూడు అంటే హుక్కు

బొంగరానికి మూడు అంటే ఎంతో తెలీదు గానీ, మూడు అంటే ఎలా కొట్టాలో మాత్రం బ్రహ్మాండంగా తెలుసు.

ఆ సంగతి స్కూల్లో బయటపడింది. చేరిన వారంలోనే టీచరు పిల్లలందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, "ఎవరర్రా నాకు మూడు చూపించేది?" అని తియ్యగా అడిగింది. మిగతా పిల్లలు వేళ్లు వెతుక్కుంటూ ఉండగానే బొంగరం లేచి నిలబడింది. ఎడమ మడమ తిప్పి, నడుం తిప్పి, మోచెయ్యి భుజం ఎత్తుకి లేపి, పక్కన కూర్చున్న పిల్లాడి దవడ మీద పద్ధతిగా ఒక హుక్కు ఇచ్చింది. వాడి పాలపన్ను ఎగిరి టీచరు ఒళ్లో పడింది.

కబురందుకుని బొంగరం వాళ్లమ్మ పరుగున వెళ్లింది.

"మీ ఇంట్లో పిల్లకి ఏం నేర్పుతున్నారండీ?" అంది టీచరు, పన్నుని కాయితంలో పొట్లం కడుతూ.

"అంకెలేనండీ," అంది ఆవిడ. అబద్ధం కూడా కాదు.

ఆవిడని ఇంట్లో తమ్ముడు అక్కా అంటాడు. కింద జిమ్ములో గుద్దులాడుకునే కుర్రాళ్లు అక్కా అంటారు. వాళ్లని చూసి పాలవాడు, పాలవాణ్ణి చూసి వీధి వీధంతా అక్కా అంటుంది. కాబట్టి మనం కూడా అక్క అనే అందాం. బొంగరం నాన్న సంగతి ఈ కథలోకి రాదు. ఆయన ఆ ఇంట్లోకే రాడు.

కింద బాక్సింగ్ జిమ్ము, పైన రెండు గదుల కాపరం. జిమ్ము ఒకప్పుడు టైర్ల గోడౌను. ఎంత కడిగినా రబ్బరు వాసన, దాని మీద చెమట వాసన, దాని మీద దెబ్బల మందు వాసన. నడిపేది అక్క వాళ్ల నాన్న. మాస్టారంటారు. కుర్రాళ్లు ముందర గౌరవంగా అంటారు, వెనక భయంగా అంటారు. ఆయన కొడుకు, అంటే అక్క తమ్ముడు, ఆ జిమ్ముకి పేరు తెచ్చిన బాక్సరు. ఒకసారి అవతలివాడి మీద పడ్డాడంటే గంట కొట్టేదాకా వదలడని ఉడుము అని పేరు పెట్టారు.

ఆ జిమ్ములో అంకెలంటే దెబ్బల పేర్లు. రింగులో పేర్లు పూర్తిగా పలికే తీరిక ఉండదు కదా. ఒకటి అంటే ముందు చేత్తో సూటిగా పొడుపు. రెండు అంటే వెనక చేత్తో గట్టి గుద్దు. మూడు, నాలుగు హుక్కులు, అంటే మోచెయ్యి వంచి పక్కనుంచి తిప్పి కొట్టేవి. ఐదు, ఆరు గడ్డం కిందనుంచి పైకి లేపేవి. మాస్టారు చేతులకి ప్యాడ్లు తొడుక్కుని, "ఒకటి! ఒకటి, రెండు! మూడు, రెండు!" అని అరుస్తుంటే ఉడుము టపాటపా వాయించేవాడు. ఆ అరుపుల మధ్య ఉయ్యాల్లో పెరిగింది బొంగరం. మిగతా పిల్లలకి నాలుగు అంటే బల్ల కాళ్లు, బండి చక్రాలు. దీనికి నాలుగు అంటే ఎవడి చెవికిందో పడేది.

"లెక్కల్లో దిట్ట అవుతుంది చూడు," అన్నాడు మాస్టారు, పన్ను సంగతి విని పొంగిపోతూ.

"పళ్ల డాక్టరవుతుంది," అంది అక్క.

నవ్వుకోవడం ఆ రోజుతో సరి. ఆ వారమే ఒక బాక్సింగ్ పందెంలో ఉడుము పడిపోయాడు.

అవతలివాడు పొట్టివాడు, మెడ లేనివాడు, వీపంతా బండరాయి. అయిదో రౌండులో వాడి కుడిగుద్దు ఉడుము కణత మీద దిగింది. తల గిర్రున తిరిగింది. ఆ తిరుగుడికి జుట్టులోని చెమట చక్రంలా లేచి మొదటి వరసలో కూర్చున్నవాళ్ల చొక్కాల మీద పడింది. ఉడుము మోకాళ్ల మీద కూలి, అక్కణ్ణుంచి మొహం మీదకి ఒరిగాడు. రింగు పక్కన బకెట్టు, దూది పట్టుకుని నిలబడ్డ అక్కకి ఆ చెక్కనేల చప్పుడు తన పళ్లలో వినిపించింది.

రిఫరీ వేలు ఊపుతూ లెక్కపెట్టాడు. ఎనిమిది అనగానే ఉడుము లేచాడు. అది మాస్టారు వాడికి చిన్నప్పట్నుంచీ నూరిపోసిన పాఠం. లేవగలిగినా సరే, తొందరపడి లేవకు. పడుకుని ఊపిరి తీసుకో. ఎనిమిది వినపడగానే లే. వాడు లేచాడు, ఆ పొట్టివాడు మళ్లీ పడగొట్టాడు, మళ్లీ ఎనిమిదికి లేచాడు. మూడోసారి పడగొట్టినప్పుడు కుడికన్ను పూర్తిగా మూసుకుపోయింది, కిందిపెదవి రెండుగా చీలింది, అయినా ఎనిమిదికి టంచనుగా లేచాడు. "అదీ నా కొడుకు!" అని అరిచాడు మాస్టారు. పందెం అయ్యాక లోపలి గదిలో బూటు లేసు విప్పుకుంటూ విప్పుకుంటూ ఆ కొడుకు పక్కకి ఒరిగిపోయాడు. ఈసారి ఎవరూ లెక్కపెట్టలేదు, వాడూ లేవలేదు.

తలలో రక్తం చేరిందన్నారు ఆస్పత్రిలో. కొన్నాళ్లకి దానంతటదే ఇంకిందన్నారు. ఇంటికి పంపేస్తూ, "ఆర్నెల్లు రింగు మొహం చూడకూడదు. ఆ తరవాత పరీక్షలు చేశాకే ఏదైనా," అన్నారు.

"డాక్టర్ల ఆర్నెల్లంటే మనకి మూడు," అన్నాడు మాస్టారు మెట్లు దిగుతూ. "వాళ్లు అన్నీ రెట్టింపు చేసి చెప్తారు, మందు ఒక్కటి తప్ప."

అక్క మందుల సంచి పట్టుకుని వెనకే దిగింది. తమ్ముడు నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, బొంగరాన్ని భుజానికెత్తుకుని మెట్లెక్కుతున్నాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టుంది. అలాంటప్పుడు ఎవరు మాత్రం వంకలు వెతుకుతారు?

ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లోనే అక్క కూతురికి అంకెలు మళ్లీ మొదట్నుంచి నేర్పడం మొదలుపెట్టింది, ఈసారి పళ్లు రాలకుండా. వంటింటి టేబులు మీద బట్టల క్లిప్పులు పోసేది. బొంగరం ఇటు, ఉడుము అటు. వాడికి వేరే పని లేదు కాబట్టి కూర్చునేవాడని అక్క అనుకుంది.

మొదట్లో బొంగరానికి లెక్కంటే పాట. ఎత్తుకుంటే చాలు, నోరు పరిగెత్తేది. వేలు ఇంకా మొదటి క్లిప్పు మీద ఉండగానే నోరు తొమ్మిదికి చేరేది. "ఒక్కో దాన్ని ముట్టుకుని, ఒక్కో మాట చెప్పవే," అని అక్క ఆ చిన్నివేలు పట్టుకుని నడిపించింది. చాలా రోజులకి వేలూ నోరూ కలిసి నడవడం నేర్చుకున్నాయి.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు," అంది బొంగరం ఒకరోజు, ఏదీ తప్పకుండా.

"శభాష్! అయితే ఎన్ని ఉన్నాయే?"

"ఒకటి, రెండు, మూడు, నాలుగు."

"అవునమ్మా. మొత్తం ఎన్ని?"

తల్లికి చెవుడొచ్చిందనుకుని పిల్ల ఈసారి గొంతు పెంచింది. "ఒకటి! రెండు! మూడు! నాలుగు!"

అక్కకి తల ప్రాణం తోకకొచ్చింది. పిల్లకి నాలుగు అంటే ఆ చివరి క్లిప్పు పేరు. అంతే. ఆ క్లిప్పు నాలుగు, దాని పక్కది మూడు, అదొక పిల్ల పేరైనట్టు, ఇదొక పిల్ల పేరైనట్టు. చివర పలికిన మాటలో మిగతావన్నీ ఇమిడి ఉన్నాయని తెలియడం లేదు. ఎలా చెప్పాలో అక్కకి మాత్రం ఏం తెలుసు? తనకి అది ఎప్పుడు, ఎవరు చెప్పారో గుర్తుంటే కదా. చెప్పడం మానేసి రోజూ క్లిప్పులు పోసింది.

ఓ సాయంత్రం బొంగరం లెక్కపెట్టి, ఆగి, క్లిప్పులన్నిట్నీ రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. "నాలుగు," అంది. చివరి దాన్ని చూపించలేదు. కుప్పనంతా వాటేసుకుంది. "ఇదంతా నాలుగు!"

అక్క పిల్లని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. తిప్పి తిప్పి దింపాక, "ఇప్పుడు మీ మావయ్యని అడగవే," అంది సరదాకి.

"మావయ్యా, ఎన్ని?"

ఉడుము వేలు పెట్టి జాగ్రత్తగా లెక్కపెట్టాడు. నాలుగు దగ్గర ఆగాడు.

"ఊఁ, ఎన్ని?" అంది బొంగరం, అచ్చం వాళ్లమ్మలా నడుం మీద చేతులు పెట్టుకుని.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు," అన్నాడు ఉడుము.

పిల్లని వెక్కిరిస్తున్నాడనుకుని అక్క పకపకా నవ్వింది. వాడు నవ్వలేదు.

మర్నాడు పొద్దున పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరగకుండానే, "ఒరే, గుడ్లు ఐదు అందుకో," అంది. వెనకాల ఢామ్మని చప్పుడు. తిరిగి చూస్తే గుడ్ల అట్ట గాల్లో ఉంది. ఉడుము ఎడమచెయ్యి కిందనుంచి పైకి లేచి ఇంకా అక్కడే ఉంది. అట్ట సీలింగుకి కొట్టుకుని కిందకొచ్చింది. గుడ్లు బల్బు మీద, గోడ మీద, బొంగరం నెత్తి మీద పగిలాయి. పిల్ల కెవ్వున ఏడ్చింది.

"జోకక్కా, జోకు," అన్నాడు ఉడుము.

పళ్లు నవ్వుతున్నాయి. కళ్లు మాత్రం నేల మీద పగిలిన గుడ్లలో ఐదు కోసం వెతుకుతున్నాయి. అక్క ఆ కళ్లు చూసింది. గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది.

మధ్యాహ్నం టేబులు మీద క్లిప్పులు రెండు భాగాలు చేసింది. ఒకవైపు మూడు క్లిప్పులు, దూరదూరంగా టేబులంతా పరిచి. ఇంకోవైపు గుప్పెడు, ముద్దగా ఒక్కచోట.

"ఏది ఎక్కువరా?"

ఉడుము చాలాసేపు చూశాడు. ముంగిసని చూసే పాములా చూశాడు. వేలు ఎత్తి, దూరదూరంగా పరిచిన ఆ మూడింటినీ చూపించాడు.

బొంగరం కుర్చీలోంచి దొర్లిపోయింది నవ్వలేక. "మావయ్య మొద్దు! మావయ్యకి నా పాటి రాదు! మావయ్య మొద్దూ..."

ఉడుము టేబుల్ని రెండు చేతులా ఎత్తి గోడకేసి కొట్టాడు. టేబులు కాలు విరిగి ఎగిరింది. అంచు వెనక్కి తన్ని అక్క కనుబొమ్మ మీద పడింది. చర్మం చీలి, రక్తం కంట్లోకి దిగింది. వాడు ఆగలేదు. అలమర తలుపుని గుద్దాడు, అద్దం పగిలింది, ఆ పగిలిన అద్దాన్ని మళ్లీ గుద్దాడు. బొంగరం మూలకి పాకి చెవులు మూసుకుంది. ఎక్కడా గంట లేదు కాబట్టి వాడికి ఎప్పుడాపాలో తెలీదని అక్కకి అప్పుడర్థమైంది. పొయ్యి మీది మూకుడు తీసి గరిటెతో ఒక్కటిచ్చింది. ఠంగుమంది.

ఉడుము చేతులు దింపేశాడు. గంట కొడితే ఆపాలి మరి.

తరవాత వాడే దూది తెచ్చాడు. అక్క ఎదురుగా గొంతుక్కూర్చుని కనుబొమ్మ మీద ఒత్తిపట్టాడు. ఆ చేతులకి ఆ పని తెలుసు. అక్క వాటికి అదే పని ఎన్నిసార్లు చేసిందో.

"ఎప్పట్నుంచిరా?"

"లేచినప్పట్నుంచి." వాడి వేళ్ల కణుపుల్లోంచి రక్తం కారి అక్క మోచేతి మీద పడుతోంది. "అంకెలన్నీ నోట్లో ఉన్నాయక్కా. వరసగా వస్తాయి. కానీ లోపల ఏమీ లేదు. డొల్ల. ఐదంటే చెయ్యి లేస్తుంది, అంతే. ఆ చిన్నముండకి నిన్న ఏదో తెలిసింది చూడు, కుప్పని పట్టుకుని ఎగిరింది. అది నాకు తెలీదు."

"మరి ఈమధ్య కింద నాన్నతో సాధన మొదలెట్టావుగా? ఇంకా రెండు రౌండ్లే అంటాడు, ఇంకో నిమిషమే అంటాడు..."

"నాన్న గొంతు చూసుకుంటాను. గట్టిగా అరిస్తే కొంచెమే మిగిలిందని."

కొట్టడం ఎవడికైనా వస్తుంది. ఎంత ఊపిరి మిగిలింది, ఎంత దూరంలో ఉన్నాడు, ఇంకా ఎన్ని తగిలితే పడతాను, అవి తెలిసినవాడే రింగు దిగి ఇంటికొస్తాడు. తన తమ్ముడికి ఇప్పుడు ఒక దెబ్బ తిన్నా ఒకటే, ముప్పై తిన్నా ఒకటే.

"నాన్నకి చెప్పకక్కా. వచ్చే నెల పందెం ఒప్పుకున్నాడు. ఎక్కేముందు వాళ్ల డాక్టరు వేళ్లు చూపించి ఎన్ని అంటాడు. పది నుంచి వెనక్కి చెప్పమంటాడు. ఆ రెండూ నేర్పెయ్, చాలు."

"నేర్పితే?"

"ఎక్కుతా."

"చచ్చిపోతావురా వెధవా."

"ఎక్కకపోతే నేనెవర్నే?" అన్నాడు ఉడుము. అక్కా అనడం కూడా మర్చిపోయాడు.

అక్క దూది తన చేతిలోకి తీసుకుని లేచింది. తిన్నగా కిందకి దిగి మాస్టారికి అంతా చెప్పేసింది.

మాస్టారు చేతి గుడ్డలు చుడుతున్నాడు. సాంతం విన్నాడు. "కనుబొమ్మ ఏమైంది?" అన్నాడు.

"టేబులు కొట్టింది."

"మొహానికి అడ్డం పెట్టాల్సిన చెయ్యి దింపావన్నమాట," అని, "ఒరేయ్, రా ఇలా!" అని పైకి కేకేశాడు.

ప్యాడ్లు తొడిగాడు. ఒకటి అన్నాడు, పడింది. ఒకటి రెండు అన్నాడు, పడ్డాయి. మూడు, రెండు, ఐదు, ఆరు, మూడు అని గుక్కతిప్పుకోకుండా అరిచాడు. ఒక్కటీ తప్పలేదు. ప్యాడ్లు టపాకాయల్లా పేలాయి. అద్దం గీసుకున్న వేళ్లలోంచి ప్రతి దెబ్బకీ రక్తం చిమ్మి మాస్టారి బనీను మీద చుక్కలు పెట్టింది.

"చూశావా లెక్క? ఇంతకన్నా ఏం కావాలే? వాడేమన్నా బ్యాంకులో కూర్చోబోతున్నాడా?"

"నాన్నా, అవి లెక్కలు కావు, పేర్లు. పేరు తెలిస్తే మనిషి తెలిసినట్టా?"

"ఈ వీధిలో నా పేరు తెలిసిన ప్రతివాడికీ నేనెవరో తెలుసు."

"నీకు లెక్క వచ్చుగా. ఆర్నెల్లంటే ఎన్ని నెలలో నువ్వు చెప్పు."

మాస్టారు ప్యాడ్లు విప్పి బెంచీ మీదకి విసిరాడు. "వంటింట్లో క్లిప్పులు లెక్కపెట్టుకునేదానివి, రింగు గురించి నాకు చెప్పకు. రేపు ఎలక్ట్రీషియన్‌తో దించుతాను. నీ కళ్లతోనే చూద్దువుగాని."

ఎలక్ట్రీషియన్ పొద్దంతా నిచ్చెనలెక్కి, సాయంత్రం వచ్చి దెబ్బలు తినిపోయే పొడుగాటి మనిషి. పనిలో షాక్ కొట్టించుకున్నవాడికి ఇవో లెక్కా అని నవ్వేవాడు. మర్నాడు సాయంత్రం రింగు నాలుగువైపులా కుర్రాళ్లు మూగారు. బొంగరం పైన ఉండనని మారాం చేసి, తాళ్ల పక్కన స్టూలెక్కి కూర్చుంది.

"సగం బలంతో," అన్నాడు మాస్టారు. "సాధనే, పందెం కాదు. సగం. వింటున్నావా?"

ఉడుము తలూపాడు. సగం అంటే దేంట్లో సగమో వాడికెలా తెలుస్తుంది?

మొదటి రౌండు బాగానే జరిగింది. ఎలక్ట్రీషియన్ పొడుగుచేతులతో దూరం పెట్టాడు. గంట కొట్టగానే ఇద్దరూ విడిపోయారు. మాస్టారు అక్కకేసి చూసి కనుబొమ్మలెగరేశాడు. రెండో రౌండులో ఎలక్ట్రీషియన్ పొడుపు ఒకటి ఉడుము ముక్కు మీద తగిలింది, పెద్దదేం కాదు. ఉడుము ముందుకు దూకాడు. పొట్టలో గుద్దాడు, ఎలక్ట్రీషియన్ వంగాడు. వంగినవాణ్ణి గడ్డం కిందనుంచి లేపాడు. లేచినవాణ్ణి పక్కనుంచి కొట్టాడు. ఎలక్ట్రీషియన్ తాళ్ల మీద పడి చేతులు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ చేతుల మీదే కొట్టాడు. చేతులు జారాయి. నోట్లోని రబ్బరు ముక్క ఊడి రక్తంతో సహా బొంగరం స్టూలు కింద పడింది.

"ఇంకొక్కటి కొట్టి ఆపు!" అని అరిచాడు మాస్టారు. అది ఆయన పాత అలవాటు. పై చెయ్యి అయినప్పుడు మర్యాదగా ఒకటి కొట్టి వెనక్కి రావాలి.

ఉడుము ఒకటి కొట్టాడు. ఇంకొకటి కొట్టాడు. మళ్లీ ఇంకొకటి. ఒక్కటి ఎక్కడ అయిపోతుందో వాడికి కనపడలేదు. ఎలక్ట్రీషియన్ మోకాళ్లు వంగాయి, పైతాడు చంకకి తట్టుకుని కిందపడకుండా వేలాడాడు. ఒక కన్ను తెరుచుకుని ఎటూ చూడటం లేదు.

"ఒక్కటన్నానురా! గంట! గంట కొట్టండిరా!"

గంట దగ్గరి కుర్రాడు నోరెళ్లబెట్టి చూస్తున్నాడు. అక్క అటు పరిగెత్తింది. ఈలోగా మాస్టారు తాళ్ల మధ్యనుంచి దూరి కొడుకు భుజం పట్టి లాగాడు. ఉడుము తిరిగాడు. మడమ, నడుం, మోచెయ్యి అన్నీ తండ్రి నేర్పినట్టే తిరిగాయి. దవడ విరిగిన చప్పుడు వీధి గుమ్మం దాకా వినపడింది.

అక్క గంట కొట్టింది.

ఉడుము చేతులు దింపాడు. కింద పడ్డ తండ్రిని చూశాడు. పక్కకి జరిగి, రిఫరీ నిలబడేచోట నిలబడి, వేలు ఊపుతూ మొదలుపెట్టాడు.

"ఒకటి... రెండు... మూడు..."

ఎవరూ కదల్లేదు. మాస్టారు నోట్లోంచి రక్తం సన్నగా కాన్వాసు మీదకి పాకుతోంది.

"ఏడు... ఎనిమిది..."

అక్కడ కాస్త ఆగి తండ్రి మొహంలోకి చూశాడు. "తొమ్మిది... పది... పదకొండు..."

వాడి గొంతు మామూలుగా, ఓపిగ్గా ఉంది. పన్నెండు అన్నాడు. పద్నాలుగు అన్నాడు. కుర్రాళ్లలో ఒకడు వెక్కడం మొదలుపెట్టాడు. ఇరవై దాటింది.

"మావయ్యా, పది అయిపోయింది," అంది బొంగరం స్టూలు మీదనుంచి. "పదికి ఆపెయ్యాలి."

"తాత ఇంకా లేవలేదు కదే. ఎనిమిదికి లేస్తాడు." ఉడుము అక్క వైపు తిరిగాడు. "ఎనిమిది ఇంకా రాలేదేమో కదక్కా?"

"వచ్చి వెళ్లిపోయిందిరా," అంది అక్క. రింగులోకి దూరి, తండ్రి తల పక్కకి తిప్పి, నోట్లోని రక్తం వేళ్లతో తోడసాగింది. "బండి పిలవండిరా ఎవరైనా, చూస్తారేంటి! ఇద్దరున్నారని చెప్పండి!"

ఇద్దరూ బతికారు. ఎలక్ట్రీషియన్‌కి ఒక చెవి సరిగ్గా వినపడటం లేదు. అక్క చూడ్డానికి వెళితే, "ఒక వైపు తిట్లు తగ్గాయక్కా," అన్నాడు. ఆ వైపు చెంప ఇంకా నల్లగా ఉంది. మాస్టారి దవడకి తీగలు బిగించి కట్టారు. జీవితంలో మొదటిసారి ఆయన మాట్లాడకుండా కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక అక్క ఆయన ఎదురుగా నిలబడి ఒక్కటే అడిగింది. "పందెం?"

మాస్టారు తల అడ్డంగా ఊపాడు. దవడ నొప్పికి కళ్లలోంచి నీళ్లు కారాయి. నొప్పికేనని అక్క మర్యాదగా అనుకుంది.

పందెం పెట్టినాయనకి ఫోను చేసింది. తలుపుకి ఆనుకుని నిలబడి మాట్లాడుతుంటే వెనక గదిలోంచి ఉడుము వచ్చిన అలికిడి తెలుస్తూనే ఉంది. తిరగలేదు.

"రాడండీ," అంది ఫోన్లో.

"నేనొస్తా," అన్నాడు ఉడుము వెనకనుంచి. "చెప్పు, వస్తానని చెప్పు."

"రాడు. అవునండీ, కచ్చితంగా."

"అక్కా!"

"ఎన్నాళ్లకి వస్తాడా? రాడు అన్నదానికి నెలలుండవండీ."

పిడికిలి ఆవిడ చెవి పక్కనుంచి దూసుకొచ్చి తలుపులోకి దిగింది. చెక్క చీలి పేళ్లు అక్క జుట్టులో పడ్డాయి. చెయ్యి మోచేతి దాకా అవతలికి పోయి ఇరుక్కుంది. వాడి ఊపిరి అక్క మెడ మీద వేడిగా కొట్టుకుంటోంది. రెండో చెయ్యి ఖాళీగానే ఉంది. అక్కకి ఆ సంగతి తెలుసు. కళ్లు మూసుకుంది గానీ మెడ తిప్పలేదు.

"ఏం చప్పుడా? ఏం లేదండీ. తలుపు బాగు చేయిస్తున్నాం. ఉంటానండీ."

ఫోను పెట్టేసింది. కాసేపటికి, "చెయ్యి రావట్లేదు," అన్నాడు ఉడుము. అక్క సుత్తి తెచ్చి చెక్క విరగ్గొట్టి వాడి చెయ్యి బయటికి తీసింది. పేళ్లు ఒక్కొక్కటే పీకుతూ కూర్చుంది. వాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ ఏడవలేదు, పేళ్లు కనపడాలి కదా.

మర్నాడు పొద్దున టేబులు విరిగిన కాలుకి గుద్దులాటలో చేతులకి చుట్టే గుడ్డ బిగించి కట్టి నిలబెట్టింది. మాస్టారు గొట్టంతో తాగడానికి సిద్ధంగా కూర్చున్నాడు. బొంగరం మావయ్యకి దూరంగా జరిగి కూర్చుంది. అక్క పాలగిన్నె దించింది.

"ఒరే, గ్లాసులు పెట్టు."

ఉడుము కదల్లేదు. "ఎన్ని?" అన్నాడు పళ్లు బిగించి. పోట్లాటకి వచ్చినట్టు అన్నాడు.

"ఎన్ని అని నేనడగను, నువ్వూ అడక్కు. కూర్చున్నవాళ్ల ముందు ఒక్కోటి పెట్టు."

వాడు అలమరలోంచి స్టీలు గ్లాసులు కట్టు కట్టిన చేతికొచ్చినన్ని తీశాడు. తండ్రి ముందు ఒకటి పెట్టాడు. అప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. బొంగరం ముందు ఒకటి పెట్టాడు. పిల్ల బిగుసుకుంది. అక్క కుర్చీ ముందు ఒకటి. తన చోట ఒకటి. చేతిలో ఇంకో గ్లాసు మిగిలింది.

టేబులు చుట్టూ మళ్లీ తిరిగాడు. ప్రతి గ్లాసునీ ముట్టుకుని, దాని వెనక మనిషిని చూశాడు. బొంగరం చెప్పేద్దామని నోరు తెరిచింది, అక్క ఆ నోరు అరచేత్తో మూసేసింది. వాడి నుదుటి నరం ఉబ్బింది. గ్లాసుని పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి.

"ఇది ఎవరిది?" అన్నాడు.

అక్క అరచెయ్యి ఇంకా పిల్ల నోటి మీదే ఉంది.

"ఎవరిదీ కాదు," అన్నాడు వాడే. "అందరికీ ఉంది. ఇది..." మాట కోసం ఆగాడు. దొరికింది. "ఇది ఎక్కువ."

"ఎక్కువే," అంది అక్క.

ఉడుము ఆ గ్లాసుని వెనక్కి తిరిగి ఉన్న బలమంతా పెట్టి గోడకేసి కొట్టాడు. పెచ్చు ఊడింది, గ్లాసు సొట్టపోయి దొర్లుకుంటూ పొయ్యి కిందకి పోయింది. మాస్టారు తీగల మధ్యనుంచి ఏదో మూలిగాడు. బొంగరం తల్లి కొంగులోకి దూరింది.

"ఇప్పుడు సరిపోయింది," అన్నాడు ఉడుము, రొప్పుతూ.

అక్క గ్లాసుల్లో పాలు పోసింది.